బొట్టు పెట్టుకున్న గంట

కోయంబత్తూరు

తాతకు, మనవరాలు కీర్తిక దండం పెట్టి రాసేది.

మన ఒప్పందం మరిచిపోలేదు: ఒంట్లో బాగలేకపోతేనే నీకు ఫోను, మిగతాదంతా నువ్వు నేర్పిన తెలుగు అక్షరాల్లో ఉత్తరం. కొత్తింటి గోడలకు పూత పూయకముందే వడివేలు మేస్త్రికి ఇది చెప్పు. వీధి తలుపు పక్కన వీడియో గంట, పెరటి వాకిలికి కెమెరా, కిటికీ తెరిస్తే కూత పెట్టే చిన్న పెట్టెలు. అన్నీ కలిసి నా ఫోనుకు చెప్తాయి. వైర్లు గోడలోనే పోవాల. గంట మనిషి మొహమంత ఎత్తులో ఉండాల. దాని నడుమ గుండ్రంగా ఉండేది కన్ను. పొద్దున్నుంచి "కాపలా" అనే మాటను చాక్లెట్టు మాదిరి చప్పరిస్తా ఉన్నాను.

నీ కీర్తిక

తా.క. మిద్దె మీది గది నా పుస్తకాలకని నాన్న అన్నాడు. నువ్వూ అను.

* * *

ఇండూరు

చిరంజీవి కీర్తికకు తాత కృష్ణప్ప దీవించి రాసేది.

చెప్పినాను, వైర్లు గోడలోకి పోయినాయి. కానీ పాపా, ఎదురుగా పాతింటి అరుగు మీద నేనే కదా పొద్దంతా కాపలా. సందు మొదట్లో ఎవరు దగ్గినా ఫలానా అని చెప్తాను. పందెం వేసుకుందాం. గృహప్రవేశం లోపల, నాకు తెలియని కొత్తింటి సంగతి ఒక్కటైనా ఆ గంట నీకు చెప్తే గది నీ పుస్తకాలకు. చెప్పకపోతే నా రాగుల మూటలకు.

మీ తాత

తా.క. గంటకు కన్నుందని చదివి వినిపిస్తే మీ అవ్వ "మొహమెట్లుంటుంది?" అని అడిగింది. నల్లగా, నున్నగా అన్నాను. ఏదో ఆలోచనలో పడింది.

* * *

కోయంబత్తూరు

తాతకు కీర్తిక దండాలు.

పందెం సరే. ఎలక్ట్రీషియన్ కార్తి నిన్న గంట బిగించినాడు. ఫోను తెరిస్తే నడుమ ఎర్రగా, అంచుల్లో పసుపుగా ఉంది. సూర్యోదయమని మురిసిపోయి పద్యం రాసినాను. మధ్యాహ్నమూ అదే సూర్యోదయం. సాయంత్రమూ అదే. గంట చెడిపోయినట్టుంది, మార్పించు.

పందేనికి భయపడని కీర్తిక

తా.క. పద్యం మాత్రం పారేయలేదు.

* * *

ఇండూరు

కీర్తికకు తాత ఆశీస్సులు.

కార్తి రెండోది బిగించినాడు. అదీ ఎర్రగానే ఉందని వాడికి చెప్పినావంట. వైర్లన్నీ చూసి మూడోది బిగించినాడు. మూడూ బాగానే ఉండాయి పాపా. కొత్త గంట వచ్చినప్పుడల్లా మీ అవ్వ పసుపు పూసి, ఆ గుండ్రటి దాని మీద కుంకుమ బొట్టు పెడుతుంది. కొత్త మోటారుకు పెట్టలేదా, ట్రాక్టరుకు పెట్టలేదా? గడప పక్కన బోడి మొహం ఉండకూడదంట. మూడోదానికి మల్లెపూలు కూడా. ఎందుకు చెప్పలేదని కార్తిని అడిగితే, "పూజ చేసింది తప్పని ఎట్ల చెప్పేది తాతా" అన్నాడు. వాడు తన డ్రిల్లుకూ పెట్టించుకున్నాడు.

మీ తాత

తా.క. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. మూటలు ఎత్తేదానికి మనిషిని చూస్తున్నా.

* * *

కోయంబత్తూరు

తాతకు దండాలు. మూటలు ఎత్తించొద్దు.

అవ్వ బొట్టును తుడవమని నేనూ అనలేను. ఓడిపోయినానని ఎర్రటి ఫోను చూస్తా కూర్చుంటే మాటలు వినబడినాయి. కన్ను మూసుకున్నా గంటకు చెవులుండాయి. అవ్వ, వడ్రంగి కలైయరసన్ ఆచారి మాట్లాడుకుంటున్నారు.

"మిద్దె గదిలో గోడ పొడుగునా పలకలు కొట్టు. పుస్తకాలు బరువు, గట్టిగా కొట్టు. మా ఆయనకు తెలియకూడదు. మధ్యాహ్నం తిని పడుకుంటాడు, అప్పుడు రా."

"సుత్తి శబ్దానికి లేవడా అమ్మా?"

"ఆయన గురక ముందర నీ సుత్తి ఎంత?"

ఇది నీకు తెలుసా తాతా? తెలియకపోతే గెలిచింది నేను.

నీ కీర్తిక

తా.క. అవ్వను ఏమీ అనొద్దు. ఈ ఉత్తరం చదివి వినిపించొద్దు.

* * *

ఇండూరు

పందెం గెలిచిన కీర్తికకు, ఓడిన తాత దీవెనలు.

మెట్లెక్కి చూసినాను. గోడంతా పలకలే. నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. గది నీది. మూటలు మెట్ల కింద సర్దుకుంటాయి. గురక సంగతి రాయకుండా ఉండాల్సింది.

మీ తాత

తా.క. వద్దన్నావు కానీ చదివి వినిపించినాను. మీ అవ్వ నవ్వింది. గంటకు వినబడుతుందని కార్తి మొదటి రోజే ఆమెకు చెప్పినాడంట. "పెరట్లో ఉన్న ఆచారిని గంట ముందరికి ఎందుకు పిలుచుకొచ్చినాననుకున్నావు? మీ ఇద్దరికీ అక్షరాలొచ్చు, రాసుకుంటారు. అది నా ఉత్తరం" అనింది.