లేయా పేరున వచ్చిన నోటీసు

నూజివీడు,
4 జూన్ 2025, బుధవారం.

చిరంజీవి లేయాను ప్రభువు చల్లగా కాపాడాలని కోరుతూ అత్తయ్య సుసన్నా దీవించి వ్రాయునది.

ఇక్కడ హెప్సీ క్షేమం. అన్నం తింటోంది, రసాలు పీల్చి గౌను నిండా మరకలు చేసుకుంటోంది, పన్నెండో తారీఖున బడి తెరుస్తారని ఇప్పటినుంచే మొహం మాడ్చుకుంటోంది. అక్కడ నీ క్షేమం ఆదివారం ఫోన్లో విన్నాను. మిగతా మా క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చుకో.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. నీ గొంతు వింటే నాకు ఈ మాటలు పెగలవు. పైగా ఇది కాగితం మీద ఉండటం నీకు అవసరమని లాయరు చెప్పింది. లాయరంటే శ్రీరమ్య, నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల, ఎక్కాలు రాక చేతి మీద దెబ్బలు తిన్నది. ఇప్పుడు ఇక్కడి కోర్టులోనే ప్రాక్టీసు. దీని ఫోటో ఈరోజే నీకు పంపుతుంది. అసలు కాగితం స్పీడ్‌పోస్టులో వస్తుంది.

డ్యూటీ మధ్యలో ఉంటే ఇక్కడితో ఆపెయ్. గదికి వెళ్లాక కూర్చుని చదువు.

చార్లెస్ మైలవరంలో ఇంకొక ఆవిడతో ఉంటున్నాడు. రెండేళ్లయింది. అటువైపు మామిడి తోటలు కౌలుకు పట్టాడు కదా, కాపలా అంటూ వారానికి నాలుగు రోజులు అక్కడే ఉండేవాడు. కోత అయిపోయింది, తోట ఖాళీ అయింది, వీడి కాపలా మాత్రం అయిపోలేదు. కాయలు సర్దే సవరమ్మ పోయిన ఏడాది ఒకరోజు వచ్చి, టీచరమ్మగారూ, అబ్బాయిగారు ఆవిడ ఇంట్లోనే టిఫినూ భోజనమూ చేస్తున్నారండీ, ఊరంతా చూస్తున్నారండీ అని చెప్పింది.

ఆ సాయంత్రమే వాణ్ణి నిలబెట్టి అడిగాను. అవునన్నాడు. నువ్వు ఐర్లండ్ వెళ్లి ఆరేళ్లయిందట, మనిషన్నవాడు ఎన్నాళ్లు ఒంటరిగా ఉంటాడని ఎదురు నన్నే అడిగాడు. దాన్ని హైదరాబాదు దాకా తీసుకెళ్లి విమానం ఎక్కించింది ఎవడ్రా అన్నాను. మూడేళ్ల పిల్లను నా ఒళ్లో పెట్టి అది ఎలా ఏడ్చిందో చూశావుగా, దానికి లేదా ఒంటరితనం అన్నాను. తలుపు విసిరికొట్టి పోయాడు. కన్నకొడుకు, నలభై ఏళ్లవాడు, బెత్తం పుచ్చుకుని కొట్టలేను కదా. ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ బుద్ధులు చెప్పి జీతం తీసుకున్నదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను లేయా.

ఏడాది నీ దగ్గర నోరు నొక్కుకున్నాను. మొన్న ఆదివారం నువ్వు, డిసెంబరులో సెలవు దొరికింది అత్తయ్యా, ఆయన చొక్కా సైజు ఏమైనా మారిందా అని అడిగావు. సోమవారం పొద్దున్నే శ్రీరమ్య ఆఫీసుకి వెళ్లాను.

ఎందుకంటే సంగతి ఇంకా ఉంది. జనవరిలో చార్లెస్ నీ మీద విడాకుల కేసు వేశాడు. నువ్వు దేశం దాటిన సంగతి అందులో ఎత్తనే లేదు. వాడితో కాపురం చేయనని నువ్వు మైలవరం రాకుండా నూజివీడులో కూర్చున్నావట, పిల్లను పట్టించుకోవట, కాబట్టి విడాకులిచ్చి హెప్సీని తనకే అప్పగించాలట. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. నీ చిరునామాగా మన ఇల్లు రాశాడు. నోటీసు ఇక్కడికే వచ్చింది. అది నీకు అందినట్టు పోస్టువాళ్ల రసీదు కార్డు మీద నీ పేరుతో సంతకం ఉంది. అందినా నువ్వు రాలేదని, నీ మాట వినకుండానే కేసు తేల్చేసే దాకా వచ్చింది. వచ్చే వాయిదా జూన్ ఇరవై ఏడు, శుక్రవారం. ఆ రోజు నీ తరఫున ఎవరూ లేకపోతే మొగుడూ పోతాడు, పిల్లా పోతుంది. మొగుడు పోతే పోయాడు.

ఇప్పుడు నువ్వేం చేయాలో శ్రీరమ్య చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మీ పెళ్లి ఇక్కడి చర్చిలో జరిగింది కాబట్టి నువ్వెక్కడున్నా ఇక్కడి క్రైస్తవుల విడాకుల చట్టమే దానికి వర్తిస్తుందట. వాణ్ణి జైల్లో పెట్టించొచ్చా అని నేనే అడిగాను. నవ్వి, వ్యభిచారం ఇప్పుడు నేరం కాదండీ టీచర్‌గారూ, కానీ విడాకులు అడగడానికి మాత్రం గట్టి కారణమే అంది. ముందుగా నువ్వు అక్కడి మన ఎంబసీకి వెళ్లి వకాల్తా మీద సంతకం చేసి, ముద్ర వేయించి పంపు. దాంతో ఇరవై ఏడున తను నీ తరఫున నిలబడుతుంది. కార్డు మీద ఉన్న తారీఖున నువ్వు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నట్టు కాగితమూ, పాస్‌పోర్టు నకలూ కావాలి. సెలవుకి వచ్చిన రెండుసార్లూ మన ఇంట్లో వాడితోనే ఉన్నావు కదా, ఆ టికెట్లు వెతుకు. ఒకవేళ ఆలస్యమై తీర్పు వచ్చేసినా బెంగపడకు. తీర్పు సంగతి తెలిసిన ముప్పై రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగొచ్చట.

ఆ తర్వాత నీ ఇష్టం. వాడి అబద్ధాలకి జవాబు చెప్పి, ఆ కేసులోనే వాడి తప్పు చూపించి నువ్వే విడాకులు అడగొచ్చు. తెంపుకోవడం వద్దనుకుంటే విడిగా ఉండటానికి కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఐర్లండ్‌లో వేస్తే త్వరగా అవుతుందా అని కూడా అడిగాను. అక్కడ తప్పెవరిదని చూడరట, ఎన్నాళ్లు విడిగా ఉన్నారన్నదే చూస్తారట. కానీ చార్లెస్ ఒప్పుకుని హాజరు కాకపోతే ఆ తీర్పు ఇక్కడ చెల్లకపోవచ్చంది. అక్కడ తెగి, ఇక్కడ తెగని పెళ్లితో అదేం బతుకు? కాబట్టి కోపంలో ఏ కాగితమూ వేయకు, అక్కడి లాయరును ఒకరిని అడిగి కదులు. హెప్సీ విషయంలో పిల్లకి ఏది మంచిదన్నదే కోర్టు చూస్తుందట. దేశం దాటించాలంటే మాత్రం అనుమతి తీసుకోవాలి.

వాణ్ణి క్షమించమని నేను చెప్పను. పాస్టరుగారు చెబుతారు, అది ఆయన పని. సర్దుకుపొమ్మని అసలే చెప్పను. పూత చూసి తోట కొన్నట్టు నా మాట నమ్మి ఈ ఇంటికి వచ్చావు. మా వాడు బంగారం అని మీ నాన్నతో అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేళకి తిను. ఒక్కదానివే కూర్చుని ఏడవకు. పక్కగదిలో ఆ మలయాళీ అమ్మాయి ఉంటుందన్నావు, పిలుచుకో.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తయ్య,
సుసన్నా.

తా.క.: కార్డు మీద నీ పేరు రాసింది చార్లెస్ అనుకుంటావు. కాదు. నేను.

మార్చి పద్దెనిమిది, మంగళవారం. కోడలుగారికి రిజిస్టరు వచ్చిందండీ అని పోస్టుమాన్ యలమంద కార్డు అందించాడు. నీ పేరున ఏమొచ్చినా నేనే తీసుకుంటాను కదా, పాపం వాడి తప్పు లేదు. ఎప్పుడూ నా పేరే రాసేదాన్ని. ఆ రోజు కవరు మీద కోర్టు ముద్ర చూసి, తెలిసే, లేయా అని రాశాను. నోటీసు వస్తే నీ పేరు రాసి తీసుకోమని చార్లెస్ ముందే చెప్పి ఉంచాడు. నిన్న ఈ మాట చెబితే శ్రీరమ్య పెన్ను కింద పెట్టేసింది. ఇది నేరమండీ టీచర్‌గారూ, రాసే ముందు ఆలోచించుకోండి అంది. ఆలోచించే రాస్తున్నాను. ఇరవై ఏడున బోనెక్కి కూడా ఇదే చెబుతాను.

కొడుకు మీద ప్రేమతో చేసిందని అందరూ అంటారు. అననీ. నీకు నిజం తెలియాలి. నీకు తెలిస్తే నువ్వు వస్తావు, వస్తే హెప్సీని తీసుకెళ్లిపోతావు. ఆ భయంతో చేశాను.

దాని పాస్‌పోర్టు శ్రీరమ్య చేతికి ఇచ్చేశాను. పొద్దున జడ వేస్తూ హెప్సీకి చెప్పాను, మీ అమ్మ వస్తుందే, కోర్టువాళ్లు ఒప్పుకుంటే నిన్ను తనతో తీసుకెళ్తుంది అని. సగం జడతో లేచి గంతులేసింది. స్వెటర్లు ఎన్ని కావాలంది, అక్కడ కుక్కపిల్లను పెంచుకోనిస్తారా అంది, బళ్లో తెలుగు ఉంటుందా అంది. ఇల్లంతా తిరుగుతూ గంటసేపు అడుగుతూనే ఉంది. నువ్వూ వస్తావా నానమ్మా అని మాత్రం అడగలేదు.