టేపు చుట్టిన బ్రేకు గొట్టం

శనివారం, వోల్ఫ్స్‌బర్గ్, జర్మనీ

శీనన్న నాకు చెప్పకుండా మా హాట్‌రాడ్ బ్రేకు గొట్టానికి కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపు చుట్టాడు. ఇద్దరం కలిసి కొని, స్పీడు కోసం మార్పులు చేసుకుంటున్న పాత కారు అది. బ్రేక్ ఆయిల్ కారుతోంది, నేను బాగుచేసేదాకా తీయొద్దని మొన్ననే చెప్పాను.

ఇవాళ షెడ్డులో చక్రం విప్పి చూస్తే టేపు కింద తడి. శీనన్న పక్కనే ఉన్నాడు.

"ఏందన్నా ఇది? వంటింట్ల నల్లా అనుకున్నవా?"

"కారుడైతే ఆగింది గదరా తమ్మీ. రేపు మా పాపను ఎక్కిచ్చుకొని ఒక్క రౌండేస్త."

"పెడలు అడుగుదాంక దిగుతున్నది. పాపను ఎట్ల ఎక్కిస్తవ్?"

"నీకన్నీ భయాలే" అని నవ్వి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అక్కడ ఆయిల్‌ని ఆపేది మరలు కాదు, గొట్టం చివరి అంచు. అదే చీలింది. ఎన్ని చుట్లు చుట్టినా ఆగదు. నాకూ ఎవరూ నేర్పలేదు, పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. కానీ పసిపిల్లను కూర్చోబెట్టి కాదు.

ఇప్పుడు కోపం తగ్గింది. భయమే తగ్గలేదు. విప్పిన చక్రం నా మంచం పక్కనే ఉంది. స్టెప్నీ కూడా తెచ్చేశాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇందాక మెసేజ్ పెట్టాను: "అన్నా, చక్రాలు నా దగ్గరున్నయ్. కొత్త గొట్టం ఏసేదాంక బండి తియ్యనని చెప్పు. పొద్దుగాల పాప లేచేలోపు నాకు ఫోన్ రావాలె."