పడవ ఒడ్డుకు వచ్చింది

రాజమండ్రి

దర్శకులు దుర్గాసాయి గారికి,

పాత సినిమాలే మళ్లీ తీయడం తప్ప మీకేమీ రాదని పత్రికలకు రాసింది నేనే. అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. అయినా మీకు రుణపడ్డాను.

మా ఆవిడ లోవలక్ష్మి చూపు పోయాక సినిమాలకు రావడం మానేసింది. పెళ్లయిన కొత్తలో మేం చూసిన కథనే మీరు మళ్లీ తీశారని తెలిసి బలవంతాన తీసుకెళ్లాను. ప్రతి సీనూ తనే నాకు ముందుగా చెప్పింది. "ఇప్పుడు గొడుగు ఎగిరిపోద్ది, చూడండి" అంటూ పడిపడి నవ్వింది. మీకు కొత్త ఊహ తట్టకపోవడం మా అదృష్టం.

మాటల్లేని చివరి సీనులో మాత్రం సొంత తెలివి చూపించి, హీరో పడవను గోదారిలో ముంచేశారు.

"ఒడ్డుకొచ్చేశాడా అండి?" అని అడిగింది. వచ్చేశాడన్నాను.

రెండో భాగం తీస్తున్నారట. ఆవిడ వస్తానంటోంది. దయచేసి అతన్ని ఎలాగైనా ఒడ్డుకు చేర్చండి. కాపీ కొట్టారని ఈసారి ఎక్కడా రాయను.

ఇట్లు,
మీ పాత విమర్శకుడు