కొప్పుకి ఇటూ అటూ

ప్రియమైన అన్నయ్యకి,

వంతెన తెరిచారు. ఇక లాంచీ ఎక్కేవాడే లేడు, వచ్చే నెల నుంచి ఆపేస్తారట. నేను నీ దగ్గరికే వచ్చి పెంకులు నేస్తాను. ఇన్నేళ్లూ అలల మీద ట్రే నిండా టీ కప్పులు మోశాను, ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. కదలని ఇంటికప్పు మీద నిలబడ్డందుకే నువ్వు మీసం మెలెయ్యడం చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. వదినకి నమస్కారాలు.

నీ తమ్ముడు

చిరంజీవి తమ్ముడికి,

రావద్దు. టీ మోసేవాడు పెంకులు నేస్తాననడం నేల విడిచి సాము. పోయినసారి వచ్చినప్పుడు మా ఇంటి మెట్లే ఊగుతూ దిగావు. లాంచీ ఇటు వాలితే మరుక్షణం అటు వాలుతుంది. నీ కాళ్లు దానికి మరిగాయి. మోకాళ్లు వంచి, వాలు తిరిగొచ్చేదాకా ఆగుతావు. ఇంటికప్పు వాలు అలా తిరిగి రాదురా. ఆగినవాడు చూరు దాకా జారతాడు, ఆ కింద రాళ్లే. భయపడి కప్పు మీదికి వంగినా కాళ్లు జారతాయి. నిటారుగా నిలబడాలి, అది నీకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేతకాలేదు. అంతగా వస్తానంటే నడుముకి తాడు కట్టుకుని ఏడాదిపాటు పెంకులు అందించు.

మీ అన్న

అన్నయ్యకి,

తాడు దూడలకి కడతారు. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇంట్లో అందరికీ తెలుసు. మీ ఊళ్లోనే తొందర మేస్త్రి నన్ను పనిలోకి తీసుకున్నాడు. పెంకులు పేరుస్తాడో విసురుతాడో తెలియదని నువ్వు వెక్కిరిస్తావే, ఆయనే. తాడూ గీడూ అడగలేదు. సోమవారం బడి కప్పు మొదలు. అటు వెళ్తే తలెత్తి చూడు.

తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

బడి కప్పు చూసొచ్చాను. అంత వాలు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు, తాడు కట్టడానికి ఒక్క కొక్కెం లేదు. తొందర మేస్త్రి ఇంటికెళ్లి, నిన్ను పైకి ఎక్కించొద్దని అడిగాను. పళ్లికిలించాడు.

"మనుషులు చాలట్లేదు. నీకంత భయంగా ఉంటే నువ్వే వచ్చి నా కింద కూలి చెయ్యి. మీ తమ్ముణ్ణి నువ్వే చూసుకో" అన్నాడు.

సరేనన్నాను. వాడి నవ్వు అక్కడే ఆగింది. నా దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం చాటుగా నవ్వుతున్నారు, నవ్వనీ. నా పని పక్కన పెట్టి, సోమవారం ఆ చేతకానివాడి కింద కూలీగా కప్పెక్కుతున్నాను.

రెండు వాలులూ కలిసే కప్పు కొప్పుకి ఇటు నువ్వు, అటు నేను. తాడు ఒక కొస నీ నడుముకి, రెండో కొస నా నడుముకి. కట్టుకోనంటే నిచ్చెన దగ్గరే చెంప పగలగొడతాను. నువ్వు జారితే నా బరువే నిన్ను ఆపాలి, అందుకని రెండుపూటలా కూర్చుని మెక్కుతున్నాను. నీ మాట, నీ పొగరు నాకు పడవు. నువ్వు పోతే మాత్రం తట్టుకోలేను.

నా బరువు చాలకపోతే ఇద్దరం పోతాం. మీ వదినకి ఆ సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

మీ అన్న