గుట్ట మీద చదును ఇల్లు

బుధవారం, బంద్ రోజు

నా అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. ఎవరైనా చదివితే మన్నించాలి. నన్ను ఐదో తరగతితోనే మాన్పించారు.

తెలంగాణ బంద్ కదా, బస్సులు లేవు. ఎల్బీ నగర్ నుంచి మీర్‌పేట్ గుట్ట మీది మా ప్లాటుకు అందరం నడిచే వెళ్లాం. గుట్టను చూడకుండానే ఇంజనీరు దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని గీసిన ప్లాన్ పట్టుకుని, బావగారు ముగ్గుపిండితో గదులు గీశారు. వాలు కింద గోడ కట్టి, మట్టి పోసి చదును చేస్తారట! మా పడకగది ఆ పోసిన మట్టి మీదే. పాప పడుకునేదీ అక్కడే.

గుట్ట ఎట్లుంటే అట్లే, మెట్లు మెట్లుగా గదులు కడదామని నిన్న మా ఆయనతో అన్నాను. "ఏందే, ఐదో తరగతి ఇంజనీరూ!" అని నవ్వారు.

అందుకే ఇవాళ వాననీళ్లు ఎటు పారతాయో చూపిద్దామనుకున్నాను. భూమిపూజకు తెచ్చిన బిందెడు నీళ్లు వాలు పైనుంచి వంపేశాను. నీళ్లు తిన్నగా మా పడకగదిలోకి పారి, ముగ్గు గీతను తుడిచేశాయి.

బావగారు చేతులు జోడించారు. "సూడుర తమ్మీ, గంగమ్మ ఇంట్లకొచ్చింది! మస్తు శకునం."

"అవునన్నా," అన్నారు మా ఆయన.

అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఏం మేధావులు! వానకు గోడ కూలితే హారతి పడతారేమో. పాపను మాత్రం ఆ గదిలో పడుకోబెట్టను. ఎట్లా తప్పించాలో...

ఈ పేజీ దొరికినవాళ్లు కాల్చేయండి. కింద మెట్ల ఇంటి బొమ్మ గీశాను, దాన్ని మాత్రం ముందే చింపి దాచండి. గోడ కూలాక మావాళ్లే అడుగుతారు.