చెరువు గోడ సందులో డబ్బా

చిక్కపేట,
సోమవారం

ప్రియమైన డబ్బాల దేవరాజ్‌కి,

నిన్నటి నుంచి ఫోన్ చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. మాటలు మానేసినప్పుడు ఉత్తరాలు రాసుకోవాలని ఎనిమిదో తరగతిలో మనం పెట్టుకున్న నియమం నాకింకా గుర్తుంది కాబట్టి రాస్తున్నాను. ఒకే ఊళ్లో చిక్కపేట నుంచి బెళ్ళందూరుకి ఉత్తరమేమిటని పోస్టాఫీసులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. ఆ అవమానం కూడా నీ ఖాతాలోనే.

యాభై దాటిన మనిషివి. ఆదివారం పొద్దున్నే వచ్చి, "పద, మంచి ఆట చూపిస్తా" అన్నావు. ఏం ఆటరా అది? ఎవడో ఊళ్లో ఒక మూల డబ్బా దాస్తాడు. ఆ చోటు గుర్తులు ఫోన్‌లో పెడతాడు. ఇంకొకడు ఫోన్ పట్టుకుని పోయి దాన్ని వెతికి, లోపలి కాగితం మీద పేరూ తేదీ రాసి, మళ్లీ అక్కడే పెట్టి వస్తాడు. పెట్టినవాడికి ఒరిగేదీ లేదు, వెతికినవాడు ఇంటికి తెచ్చుకునేదీ లేదు. దానికి జియోక్యాషింగ్ అని నోరు తిరగని పేరొకటి. అంత వెతకాలని ఉంటే మా అంగడికి రా. మేకులూ మరలూ కలిసిపోయిన డబ్బాలు బోలెడున్నాయి, సాయంత్రం దాకా వెతుక్కో.

మెట్రో స్తంభం పక్కన కంచె కింద నువ్వు చేయి పెట్టి తడుముతుంటే కాపలా ఆయన వచ్చి ఏం పోయిందని అడిగాడు. "పెళ్లి ఉంగరమప్పా" అన్నావు. పాపం, ఆ పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని నీతో పాటు వెతికాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతా చేసి దొరికింది వేలెడంత అయస్కాంతపు డబ్బీ.

సరే, అదైనా ఇద్దరి మధ్య పోయేది. ఆ తర్వాత కాడుగోడి అవతల చెరువు దగ్గర మీ వాళ్లందరూ కలుస్తారని తీసుకెళ్లావు. వెళ్లగానే "ఇప్పుడే వస్తా" అని కట్ట వెనక్కి పోయి పావుగంట కనిపించలేదు. నన్ను ముప్పై మంది టోపీల మధ్య వదిలేశావు. వాళ్లకి సొంత పేర్లు చాలవట, ఆటలో మారుపేర్లు ఉన్నాయి. ఒకాయన బ్యాంకులో మేనేజరు. "నేను ఆకుపురుగు" అని చేయి చాపాడు. నవ్వకుండా ఆ చేయి ఎలా పట్టుకోవాలి? నువ్వు తిరిగొచ్చి "గూటిపిట్ట" అని పరిచయం చేసుకోగానే నాకు ఆగలేదు. అందరి ముందూ అన్నాను, ఒప్పుకుంటాను: "కూతురు ఎట్లుండాదో తెలీదు గానీ, డబ్బా యాడుండాదో మాత్రం మీటర్లతో సహా తెలుసప్పా ఈ పిట్టకి!"

వాళ్లు నవ్వారు. నువ్వు ఆటో ఎక్కి వెళ్లిపోయావు. అందులో అబద్ధమేముందో చెప్పు.

నువ్వు పోయాక కూడా నేనున్నాను. చేతికి తొడుగులిచ్చి చెరువు కట్టంతా చెత్త ఏరమన్నారు. ఆ టోపీలు ఫోటోలు దిగుతుంటే నేను మూడు మూటలు నింపాను. గోడ సందులో రాళ్ల వెనక ఎవడో ఆకుపచ్చ టేపు చుట్టిన అన్నం డబ్బా ఒకటి కుక్కి పోయాడు. ఊపితే గలగలమంది. ఏ కాలం నాటి చిత్రాన్నమో అని తెరవకుండానే మూటలో వేశాను. ట్రాక్టరు వచ్చి పట్టుకుపోయింది. నీ ముప్పై మందిలో ఒక్కడికైనా అది కనిపించిందా?

అలక మానేశాక ఫోన్ చెయ్.

నీ మంచి కోరే
అమరనాథ్


బెళ్ళందూరు,
గురువారం

ప్రియమైన మూర్ఖుడికి,

ఆ డబ్బా ఏ గోడ సందులో ఉంది? పాత తూము పక్కనా? అయితే అది చిత్రాన్నం డబ్బా కాదు. మా సహనకి పన్నెండేళ్లప్పుడు నేనూ అదీ కలిసి, ఫోన్‌లో గుర్తులు పెట్టకుండా దాచిన డబ్బా. ఆ కంచె కింది డబ్బీనే నీకు చూపించాను, దీన్ని నీకు చూపించాలనిపించలేదు. ఎందుకో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

సహన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి కాడుగోడిలో సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టినప్పుడు, ప్రారంభం రోజున నేను అందరి ముందూ ఏమన్నానో నువ్వు విన్నావు. "గ్రీజు పూసుకోవడానికా నిన్ను చదివించింది" అన్నాను. ఆ రోజు నుంచి రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. భారతి తల్లి కదా, అంగడికి పోయి కూతుర్ని చూసి వస్తుంది. కానీ ఇంట్లో దాని పేరెత్తొద్దని నేనే భారతి చేత ఒట్టు వేయించుకున్నాను. నా పొగరు అలాంటిది.

కానీ డబ్బాలోని పుస్తకంలో ఏదో ఒక ఆదివారం వచ్చి సహన సంతకం చేసేది. తర్వాత నేను వెళ్లి దాని కింద సంతకం చేసేవాణ్ణి. పేరూ తేదీ, అంతే. మా మధ్య మిగిలిన దారి అదొక్కటే. మొన్న ఆదివారం పొద్దున, కట్ట వెనక్కి పోయిన ఆ పావుగంటలో, మొదటిసారి నేను అందులో రెండు మాటలు రాశాను. ఏం రాశానో నీకనవసరం.

నిజం చెప్పు. నువ్వు దాన్ని తెరవలేదా? నీకంటే ముందు ఎవరైనా తెరిచారా? ఆ రోజు చెరువు దగ్గర సహన లాంటి పిల్ల కనిపించిందా? వెంటనే రాయి.

దేవరాజ్


చిక్కపేట,
శనివారం

ప్రియమైన దేవరాజ్,

తెరవలేదు. టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది. సహన రాలేదు, వస్తే నాకు తెలియదా? నా భుజాల మీద పెరిగిన పిల్ల.

నీ ఉత్తరం చదివి అంగడి మూసేసి ఆ వార్డు చెత్త వేరు చేసే చోటికి వెళ్లాను. ముక్కు మూసుకుని నాలుగు గుట్టలు కెలికాను. నాగమ్మ అని అక్కడ పనిచేసే ఆవిడ నా ఇస్త్రీ చొక్కా చూసి నవ్వి, "ఆ మూటలు మొన్ననే తరలిపోయినాయప్పా, ఇంక యాడుండాదో దేవుడికే తెలియాల" అంది. నేను ఆకుపురుగుని వెక్కిరించాను. నన్ను వెక్కిరించడానికి నాగమ్మకి అంతకంటే హక్కుంది.

ఆ రోజు నీ కూతురి సంగతి అందరి ముందూ అన్నందుకు సిగ్గుపడుతున్నాను. డబ్బా పారేసింది తెలియక. ఆ మాట అన్నది మాత్రం తెలిసే. అయినా నాకు ఒకటి అర్థం కాదురా. ఒకే ఊళ్లో అంగడి, దానికి తలుపు, ఆ తలుపు వెనక కూతురు. నువ్వు పోయి చెరువు గోడలో సంతకం పెట్టి వస్తావు. ఇంత పిరికి మనిషిని నేనెక్కడా చూడలేదు.

డబ్బా కనిపించకపోతే నువ్వే తీసేశావని అనుకుంటుంది ఆ పిల్ల. ఇక తండ్రి లేడనుకుంటుంది. అందుకని ఆదివారం నుంచి ఆ తూము దగ్గర కూర్చుంటాను. అది వస్తే నా నోటితోనే చెబుతాను.

అమరనాథ్


బెళ్ళందూరు,
బుధవారం

ప్రియమైన అమరనాథ్,

డబ్బా దొరకలేదు కదా. మంచిది. ఇక వెతకొద్దు. చెరువు దగ్గరికి వెళ్లొద్దు. సహనకి ఏమీ చెప్పొద్దు. నన్ను ఆలోచించుకోనీ. ఈ ఒక్కసారికి నా మాట విను.

దేవరాజ్


చిక్కపేట,
సోమవారం

ప్రియమైన గూటిపిట్టకి,

నీ మాట నేను ఎప్పుడు విన్నాను గనక?

మొదటి ఆదివారం దోమలు తప్ప ఎవరూ రాలేదు. రెండో ఆదివారం ఆకుపురుగు వచ్చాడు. నన్ను చూసి, "చెత్త ఏరడానికి మళ్లీ వచ్చినారా సార్?" అని సంబరపడి పక్కనే కూర్చుని గంటసేపు డబ్బాల గురించి చెప్పాడు. పాపం నీదైతే శిక్ష నాకు పడింది. నిన్న మూడో ఆదివారం. ఎండ ఎక్కాక సైకిల్ నడిపించుకుంటూ సహన వచ్చింది. కాలు కుంటుతోంది. నేరుగా తూము దగ్గరికి పోయి రాళ్లు తీసి చేయి పెట్టింది. చాలాసేపు తడిమింది. చేయి బయటికి తీసి ఖాళీ అరచేతిని చూసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"మామా, నువ్వేంది ఈడ?" అంది నన్ను చూసి.

"ఆ డబ్బా పారేసిన గాడిదని నేనే తల్లీ. మీ నాయనకేం సంబంధం లేదు" అన్నాను. మొత్తం చెప్పాను. నువ్వు ఆటో ఎక్కి పోయిన సంగతి కూడా.

అది గట్టు మీద కూలబడింది. "నేను నాలుగు నెలలు రాలేకపోతి మామా. సైకిల్ మీంచి పడి కాలిరిగె. మొన్ననే పట్టీ విప్పినారు. నాయన ఏమనుకున్నాడో ఏమో" అంది. నీకు తెలుసా ఇది? నీ భార్య రోజూ బస్సెక్కి, రసం పోసిన టిఫిన్ గిన్నె పట్టుకుని కూతురి దగ్గరికి పోయిందట, నీ ఒట్టు కోసం నోరు కట్టుకుని. సిగ్గు లేదురా నీకు?

గట్టు మీంచి లేవకుండానే అడిగింది: "ఆఖరుసారి నాయన అందులో ఏమన్నా రాసినాడా?"

నాకేం తెలుసు? నువ్వు చెప్పలేదు. కానీ ముప్పై ఏళ్లుగా అంగట్లో నిలబడి, తుప్పు పట్టే గొళ్లేన్ని పట్టదని అమ్ముతున్నవాణ్ణి. "పారేసే ముందు తెరిచి చూసినా తల్లీ. 'ఇంటికి రా' అని రాసినాడు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

మొహం అటు తిప్పుకుని ఏడ్చింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అన్నానికి వస్తానంది. నువ్వు రాసింది అది కాకపోతే, నీ తిప్పలు నువ్వు పడు. ఆ రోజుకి ఇంట్లో ఉండు. ఆ పిల్ల వచ్చేసరికి ఏ కంచె కిందో చేయి పెట్టుకుని కూర్చుంటే మాత్రం నిన్ను చంపేస్తాను.

అమరనాథ్


బెళ్ళందూరు,
సోమవారం

ప్రియమైన అబద్ధాలకోరుకి,

వచ్చింది. భారతి పొద్దున్నే రాగిముద్దా, అవరేకాయ గింజల పులుసూ చేసి, పన్నెండు కాకముందే తలుపు తీసి పెట్టింది. సహన మెట్లెక్కడానికి కష్టపడుతుంటే నేను ఎదురుపోయాను. చేయి పట్టుకోవాలో వద్దో తెలియక పక్కన నడిచాను. మూడో మెట్టు మీద అదే నా చేయి పట్టుకుంది. దాని గోళ్లలో గ్రీజు ఉంది. ఆ చేతినే కదా నేను అంత మాట అన్నది అనిపించి దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

అన్నాలయ్యాక నా పక్కన కూర్చుంది. "నాయనా, పుస్తకంలో రాసింది నేను చూడలేకపోతి. ఒకసారి నోటితో చెప్పు" అంది. భారతి వంటింటి గడపలో నిలబడిపోయింది. "ఇంటికి రా" అన్నాను. అది తల ఊపింది. సాయంత్రం దాకా ఉంది. పోతూ పోతూ అంగడికి రమ్మని నన్ను పిలిచింది. రేపు వెళ్తున్నాను.

ఇక నీకు నిజం చెప్పాలి. నేను ఆ పుస్తకంలో రాసింది అది కాదురా. నాలుగు నెలలుగా దాని సంతకం కనిపించకపోతే, ఇక నేను అక్కర్లేదని నిశ్చయించుకుంది అనుకున్నాను. కాలు విరిగిందని తెలియనివ్వకుండా అడ్డు నిలబడింది నా ఒట్టే. ఆ పొద్దున గోడ వెనక కూర్చుని, "అర్థమైంది. ఇక నేను రాను" అని రాశాను. ఆటో ఎక్కిపోయిన తర్వాత బుద్ధి వచ్చింది. సాయంత్రం ఆ కాగితం చింపేద్దామని పరుగెత్తాను. డబ్బా లేదు. సహన వచ్చి చదివి తీసుకుపోయిందనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. నువ్వు దాన్ని తెరవకుండా చెత్తలో వేశావని చదివి, స్నానాల గది తలుపు వేసుకుని ఏడ్చాను. నిన్ను అన్ని ప్రశ్నలు అడిగింది డబ్బా పోయిందన్న బాధతో కాదు, అది సహన కంట పడకుండా నిజంగానే పోయిందా లేదా అన్న భయంతో.

నేను రాసిన మాట ఈ లోకంలో ఎవరూ చదవలేదు. నువ్వు అల్లిన మాటే నా కూతురికి అందింది. ఈ సంగతి భారతికి కూడా తెలియకూడదు. చదవగానే ఈ ఉత్తరం చించెయ్.

నీ
దేవరాజ్