గోడకు వేలాడే సర్టిఫికేట్

శాంతి నగర్, భివండీ
16 మార్చి 1998

ప్రియమైన బిడ్డ పూనంకు,

మీ బాపు పెద్దులు రాసేది. నా రాత కోడి గీకినట్టుంటది, తప్పులుంటయి, ఏమనుకోకు. నాలుగో తరగతి సదువు.

హోళీకి వచ్చి నువ్వు చేసిన పనికి గల్లీల తలెత్తలేకపోతున్న. పక్కింటి ఆగమ్మత్త ఒక్క నొప్పుల గోలీ అడిగితే ఇయ్యకపోతివి. పైకెల్లి "దమ్ము రోగం ఉన్నదా, ఇంకేం మందులు తింటున్నవు" అని గంటసేపు అడిగితివి. "పెద్దులు బిడ్డ గోలీల సదువుకు పోయి వకీలై వచ్చింది" అని ఆమె అందరికి చెప్తున్నది.

సరే, అది పోనీ. ధామన్కర్ నాకా కాడ నాగయ్య సేట్ మెడికల్ ఉన్నది గదా. మందుల దుకాణానికి సదివినోళ్ళ సర్టిఫికేట్ ఉండాల్నట; నువ్వు పాసైనంక నీది ఆయన గోడకు పెట్టుకుంటడట. నువ్వు కూసునే పని లేదు, నెలనెల పైసలిస్తడు. చాయ్ పోసి అడిగిండు. వద్దన రాక సరే అన్న. నీ ఫోటో ఒకటి పంపు.

మీ బాపు

నాసిక్
20 మార్చి 1998

ప్రియమైన బాపుకు,

నా తెలుగు నీకన్న అధ్వానం, మరాఠీ బడి పుణ్యం. ఫోటో పంపను. నన్ను అడగకుండ ఎట్ల ఒప్పుకున్నవు?

ఆగమ్మత్తకు దమ్ము రోగం. ఆమె అడిగిన గోలీ అసుంటోళ్ళల్ల కొందరికి ఊపిరాడనియ్యదు. అడగకుండ ఎట్లియ్యాలె?

మొదటి ఏడు నేనుగూడ డబ్బాలు అందిచ్చుడే నా పని అనుకున్న. మొన్న దవాఖాన ట్రైనింగ్‌ల ఒక ముసలాయనకు గోలీలు కవర్ల పోసి పంపిన. మా సర్ ఆయనను ఎనకకు పిలిచి, "ఎప్పుడెప్పుడు వేసుకుంటవు?" అని అడిగిండు. మూడు పూటలవి ఒక్కసారే మింగుత అన్నడు. రెండు పూటలు అన్నం తినలే నేను. అప్పటిసంది మందులిచ్చే కిటికీకాడికి ఎవరొచ్చినా అడుగుతనే ఉన్న. విసుక్కుంటే విసుక్కోనీ, అది నా పని బాపూ. నేను లేని దుకాణంల నా కాయితం ఏమడుగుతది? సేట్‌కు వద్దని చెప్పు.

నీ పూనం

శాంతి నగర్, భివండీ
6 ఏప్రిల్ 1998

ప్రియమైన బిడ్డకు,

నీ చిట్ఠీ చూసి వారం దినాలు సేట్ దుకాణం దిక్కు పోలే. మాట ఇచ్చినోన్ని నేను, పోయి అడ్డం తిరిగేది నేను, నీకేంది! ఆఖరికి మీ అవ్వే నన్ను తోలింది.

"బిడ్డ వద్దంటున్నది సేట్" అన్న. నాగయ్య సేట్ నవ్విండు. "పిచ్చి పిల్ల, కాకా! ఈయన లేడా?" అని గోడ మీది ఫోటో చూపిచ్చిండు. "నాగపూర్‌ల ఉంటడు. సర్టిఫికేట్ ఆయనది, ఇప్పుడు పైసలు ఎక్కువ అడుగుతున్నడు. పదేండ్లల్ల ఒక్కపారి గూడ రాలే. దుకాణం నడుస్తలేదా?"

బిడ్డా, ఆ ఫోటోల ఉన్నది సేట్‌వాళ్ళ సచ్చిపోయిన అన్న అనుకున్న నేను. పోయినప్పుడల్ల దండం పెట్టుకుంట వచ్చిన.

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "మరి మా ఇంటిదాని బీపీ గోలీలు ఎవరు చూసి ఇస్తున్నరు?"

"నేనే."

"నువ్వేం సదివినవు?"

దుకాణం నిండ మంది. నేను గంత గట్టిగ ఎన్నడన్న మాట్లాడిననా? "నడువు" అన్నడు సేట్. వచ్చిన.

ఇప్పుడు నీతోని నాకు కొత్త తిప్పలు. డాక్టర్ రాసిన మందు లేదని సేట్ మూడుసార్లు కంపెనీ మార్చి ఇచ్చిండు, అన్ని ఒకటే అన్నడు. ఇంట్ల ఆ గోలీల పట్టీలన్ని కలిసిపోయినయి. ఏది వేసుకోవాలెనని అవ్వ నన్ను సతాయిస్తున్నది. నాకేం తెలుసు! పట్టీల మీది ఇంగ్లీషు అక్షరాలు చూసి చూసి ఈ చిట్ఠీ ఎనక గీసిన. డాక్టర్ రాసిన మందుల చీటీ గూడ ఇందులనే పెట్టిన. నువ్వు ఎన్ని అడిగినా ఇద్దరం చెప్తం. జల్ది జాబు రాయి బిడ్డా, అవ్వ గోలీ చేతుల పట్టుకొని కూసున్నది.

మీ బాపు